శివారు, మజరా, మధిర, సెన్సస్ టౌన్: ఊళ్ల పట్టికలో ఏది ఏ గడిలో?

పటంపిచ్చి
రెండు రాష్ట్రాల ఊళ్ల పేర్లతో తెలుగులో ఒక పట్టిక కడుతున్నాను. ఒక ఊరికి ఒక వరస చాలనుకుంటే ఒక్కోదానికి నాలుగేసి అవతారాలు తేలుతున్నాయి. విజయవాడ పక్కన కానూరునే చూడండి. 2011 జనాభా లెక్కల్లో అది పట్టణం. పరిపాలన మాత్రం గ్రామ పంచాయతీది. ఇప్పుడు మునిసిపాలిటీలో ఉంది, ఆ మునిసిపాలిటీ పేరేమో తాడిగడప. రెవెన్యూ వాళ్లకి ఇప్పటికీ కానూరు గ్రామమే. అటు హైదరాబాదులో హైటెక్ సిటీ అనే ఊరు ఏ సర్కారీ గ్రామ జాబితాలోనూ కనపడదు.

ఇది చాలదన్నట్టు శివారు, మజరా, మధిర, ఆవాసం, హామ్లెట్, తండా, గూడెం. ఇవన్నీ ఒకటేనా? ఊరు అని దేన్ని లెక్కపెట్టాలి? ఎన్ని గడులు పెట్టమంటారు?

బెజవాడబాబు
ఆటో ఎక్కి 'తాడిగడప మునిసిపాలిటీకి పోనివ్వు' అన్నవాణ్ణి ఇంతవరకు చూళ్లేదు. కానూరు కానూరే.

పాతఅడంగల్
రెవెన్యూ గ్రామంతో మొదలుపెట్టండి, మిగతావన్నీ దానికి తగిలించుకోవచ్చు.

రెవెన్యూ గ్రామం అంటే ఇళ్లు కాదు, నేల. దానికి హద్దులు, గ్రామ పటం ఉంటాయి. సర్వే నంబర్లు ఆ గ్రామానికి ఒకటి నుంచి మొదలవుతాయి. ఒక్కో నంబరుకు కొలతల పటం ఉంటుంది, ఎఫ్‌ఎంబీ అంటారు. కోస్తా, సీమల్లో ఆర్‌ఎస్‌ఆర్, అడంగల్. తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ. ఈ భూమి రికార్డులన్నీ గ్రామం పేరు మీదే కట్టి ఉంటాయి. ఆంధ్రలో రీసర్వే అయినచోట సర్వే నంబర్ల బదులు ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి, అక్కడా వరస గ్రామానిదే.

కాబట్టి పరీక్ష సులువు. ఆ పేరు మీద సొంతంగా సర్వే నంబర్ల వరస ఉందా? ఉంటే రెవెన్యూ గ్రామం. లేకపోతే ఎంత పెద్దదైనా, రెండు బళ్లు, బ్యాంకు, బస్టాండు ఉన్నా, ఇంకో గ్రామం కింద లెక్కకొచ్చే శివారు పల్లే.

దీనికి తలకిందులు కూడా ఉంది. ఒక్క ఇల్లు కూడా లేని రెవెన్యూ గ్రామాలుంటాయి, రికార్డుల్లో బేచిరాగ్ అని రాస్తారు. జనాభా లెక్కల పుస్తకంలో వాటి ఎదురుగా నిర్జన గ్రామం అని ఉంటుంది. జనాభా సున్నా కదా అని వాటిని పట్టికలోంచి కొట్టేయకండి. పొలాలు, పాసుపుస్తకాలు వాటి పేరునే ఉంటాయి.

కడపకారం
మా పక్క మజరా అంటారు. చిత్తూరు, నెల్లూరు దాకా అదే మాట. శివారు అంటే ఎవరికీ ఎక్కదు.

నాపరాయి
మా దిక్కు మధిర అంటరు, లేకుంటే ఆవాసం. జర జాగ్రత్త, తెలంగాణ కాగితాల్ల 'ఫలానా గ్రామ శివారు' అని ఉంటే అది చిన్న ఊరు కాదు. ఆ రెవెన్యూ గ్రామం పొలిమేర లోపలి భూమి అని అర్థం. 'మాదాపూర్ శివారు సర్వే నంబరు ఫలానా' అన్నరంటే భూమి మాదాపూర్‌దే. కృష్ణా, గుంటూరు కాగితాల్ల శివారంటే మాత్రం పల్లెనే. రెండు జాబితాలు ఒకే తీరుగ చదివినవంటే సగం తప్పులైతయి.

హామ్లెట్‌ను ఆమ్లెట్ అనెటోళ్లు కూడ ఉన్నరు. గది వేరే గడి పెట్టకు అన్నా.

పటంపిచ్చి
శివారు గురించి చెప్పి మంచి పని చేశారు నాపరాయి గారూ. రెండు మూలాల్నీ ఒకే గడిలోకి లాగుతున్నాను ఇప్పటిదాకా. ఇవాళే విడదీస్తా.

సర్వేరాయి
ఒక్క మాట. శివారుకైనా మజరాకైనా చట్టం ముందు ఉనికి లేదు. చట్టానికి తెలిసింది రెవెన్యూ గ్రామం, పంచాయతీ, మునిసిపాలిటీ. మిగతావి వాడుక పేర్లు, పట్టికలో 'ఇతర పేర్లు' అని ఒక గడి పెట్టి పడేయండి.

పాడేరుమిరియం
సర్వేరాయి గారూ, మైదానంలో సరే గానీ ఏజెన్సీలో ఆ మాట నిలవదు. 1996 పెసా చట్టం, అదే షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం, అక్కడ గ్రామం అంటే ఏమిటో చెప్పింది. ఒక ఆవాసమైనా, కొన్ని ఆవాసాలైనా, ఒక పల్లెయినా, కొన్ని పల్లెలైనా సరే, తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునే సముదాయం ఉంటే అది గ్రామం. గ్రామసభ దానికే. అటవీ హక్కుల చట్టం 2006 ఆ నిర్వచనాన్నే తీసుకుని, రికార్డుకెక్కని నివాసాల్ని కూడా కలిపింది.

అరకు, పాడేరు పక్క పేరు చివర పుట్టు, వలస, గుడ అని ఉండేవి కొండకొకటిగా ఉంటాయి. పంచాయతీ పేరు ఒకటే, కింద పల్లెలు బోలెడు, మధ్యలో గెడ్డలు. వాటిని 'ఇతర పేర్లు' గడిలో పడేస్తే ఏజెన్సీ సగం మాయమైపోతుంది.

నాపరాయి
తండాల ముచ్చట కూడ అంతే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కంటె ముందు చాలా తండాలు ఏదో ఊరికి ఆవాసాలే. 500 జనాభా ఉన్న తండాలు, గూడేలను పంచాయతీలు చేసిన్రు. రాష్ట్రంల మొత్తం పంచాయతీలు 12,751 అయినయి. వాటి పేర్లు చట్టం ఎనక షెడ్యూల్‌లనే ఉన్నయి. ఇగ ఉనికి లేదని ఎట్లంటవ్?

సర్వేరాయి
పంచాయతీ అయ్యాక అది శివారు కాదుగా, పంచాయతీ. నేను చెప్పిందీ అదే. పెసా సంగతి ఒప్పుకుంటా.

పాతఅడంగల్
ఇద్దరూ చెప్పింది నిజమే, చిక్కు మధ్యలో ఉంది. పంచాయతీ అయినంత మాత్రాన తండా రెవెన్యూ గ్రామం కాదు. సర్పంచి వచ్చాడు, ఇంటి పన్ను అక్కడే కడతారు. పొలం సర్వే నంబర్లు మాత్రం పాత ఊరివే. పాసుపుస్తకంలోనూ, రిజిస్ట్రేషనులోనూ పాత రెవెన్యూ గ్రామం పేరే వస్తుంది. కొత్త పంచాయతీ పేరుతో ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం) వెతికి 'లావాదేవీలు లేవు' అని వచ్చిందని సంతోషపడేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు జాబితాలో ఉన్న గ్రామం పేరు ఎంచుకుని, ఆ గ్రామపు సర్వే నంబరు వేసి వెతకాలి. పాత దస్తావేజులో ఊరు ఎలా రాశారో అదే వాడాలి.

రెండు హద్దులూ ఒకదాన్నొకటి పట్టించుకోవు. ఒక రెవెన్యూ గ్రామంలో మూడు పంచాయతీలు ఉండొచ్చు, ఒక పంచాయతీ కింద రెండు రెవెన్యూ గ్రామాలూ ఉండొచ్చు. ఆంధ్రలో 1994 పంచాయతీరాజ్ చట్టం కింద కూడా రెవెన్యూ గ్రామాన్నో, దాని శివారునో, మండలంలో కొంత భాగాన్నో విడిగా పంచాయతీగా ప్రకటించొచ్చు. అందుకే రెవెన్యూకి ఒక గడి, పంచాయతీకి ఒక గడి, ఆవాసానికి ఒక గడి. ఒకదాని కింద ఒకటి చెట్టులా కట్టొద్దు, మూడూ పక్కపక్కన పెట్టండి.

బెజవాడబాబు
చెట్టు ఇప్పటికే కట్టేసి ఉంటాడు. పాపం.

పటంపిచ్చి
కట్టేశాను. కూల్చడానికి ఈ ఆదివారం చాలదు. లెక్కలమాస్టారూ, సెన్సస్ టౌన్ మీ పేటే కదా, చెప్పండి.

లెక్కలమాస్టారు
జనాభా లెక్కల్లో పట్టణాలు రెండు జాతులు.

ఒకటి చట్టబద్ధ పట్టణం. కార్పొరేషను, మునిసిపాలిటీ, నగర పంచాయతీ, కంటోన్మెంటు బోర్డు లాంటివి. జనాభా ఎంతైనా, అందరూ వరి నాట్లు వేస్తున్నా, నోటిఫికేషను ఉంది కాబట్టి పట్టణమే. సికింద్రాబాద్ కంటోన్మెంటు మునిసిపాలిటీ కాకపోయినా పట్టణమైంది ఈ దారిలోనే.

రెండోది సెన్సస్ టౌన్. దీనికి మూడు షరతులూ కలిసి ఉండాలి: జనాభా కనీసం 5,000, మగ ప్రధాన కార్మికుల్లో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది సాంద్రత. 2011 లెక్కలకు జాబితాను ముందే తయారుచేయాలి కాబట్టి 2001 లెక్కల్లో 4,000 దాటిన ఊళ్లను తీసుకుని ఈ షరతులు చూశారు.

దేశం మొత్తంలో 2001లో సెన్సస్ టౌన్లు 1,362. 2011కి 3,894. చట్టబద్ధ పట్టణాలు 4,041, రెండూ కలిపి 7,935. పదేళ్లలో రెండో జాతి దాదాపు మూడింతలైంది. దానికి తగ్గట్టు మునిసిపాలిటీలు పెరగలేదు. కానూరు జనాభా 2011లో దాదాపు 49 వేలు, అయినా పంచాయతీయే.

తేడా వచ్చేది సాంద్రత దగ్గర. భాగించేది ఇళ్లున్న చోటుతో కాదు, రెవెన్యూ గ్రామం మొత్తం విస్తీర్ణంతో. పెద్ద చెరువో, అడవో, గుట్టలో గ్రామం హద్దుల్లో ఉంటే బజారు ఎంత ఇరుకుగా ఉన్నా 400 తేలదు. పక్క ఊరు చిన్న విస్తీర్ణంతో, సగం జనాభాతో పట్టణమైపోతుంది. ఇంకోటి, ఆడవాళ్ల పని లెక్కలోకే రాదు. మగవాళ్లు ఊళ్లో షాపులు, ఆటోలు, ఆడవాళ్లు పొలం అయినచోట కాగితం మీద అది పట్టణం.

కడపకారం
అంటే సెన్సస్ టౌన్ అని పడితే ఇంటి పన్ను పెంచుతారా?

లెక్కలమాస్టారు
లేదండీ. అది లెక్కల కోసం పెట్టిన ముద్ర. పన్ను, సర్పంచి, ఉపాధి హామీ, ఇంటి ప్లాను అనుమతి ఏదీ మారదు. మారాలంటే రాష్ట్ర ప్రభుత్వం మునిసిపాలిటీగా నోటిఫై చెయ్యాలి. అప్పుడు ఉపాధి హామీ పని ఆగుతుంది, గ్రామీణ ఇళ్ల పథకం పోయి పట్టణ పథకం వస్తుంది. చాలా ఊళ్లు పంచాయతీగానే ఉంటామని పట్టుబట్టేది ఇందుకే.

సర్వేరాయి
నగర పంచాయతీని కూడా చేర్చుకోండి. రాజ్యాంగంలో 243క్యూ అధికరణం మూడు మెట్లు పెట్టింది: పల్లె నుంచి పట్నంగా మారుతున్న చోటికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మునిసిపాలిటీ, పెద్దదానికి కార్పొరేషను. ఆంధ్రలో దర్శి, దాచేపల్లి లాంటివి నగర పంచాయతీలుగా ఎన్నికలకు వెళ్లాయి. తెలంగాణలో 2019 మునిసిపాలిటీల చట్టం వచ్చాక ఆ మెట్టు లేదు, నేరుగా మునిసిపాలిటీయే. పట్టికలో రెండు రాష్ట్రాలకూ ఒకే డ్రాప్‌డౌన్ పెడితే ఇక్కడ పేచీ వస్తుంది.

బెజవాడబాబు
తాడిగడప కథ నేను చెప్తా. కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప, నాలుగు పంచాయతీలు కలిపి ఒక మునిసిపాలిటీ చేశారు. పేరు తాడిగడపకి దక్కింది. జనం ఎక్కువున్న ఊరికే పేరు దక్కాలనే రూలేం లేదు.

ఇంకో తమాషా. రామవరప్పాడు, ప్రసాదంపాడు విజయవాడ రూరల్ మండలం. అక్కడ 'రూరల్' ఎక్కడుందో వెతకాలంటే లిఫ్టెక్కి పైకెళ్లి చూడాలి.

లెక్కలమాస్టారు
రూరల్, అర్బన్ అనేవి మండలాల పేర్లలో తోకలే బాబుగారూ, వాటితో వర్గీకరణ చెయ్యకూడదు. 1985లో తాలూకాలు తీసి మండలాలు పెట్టినప్పుడు నగరం చుట్టూ మిగిలినదానికి గుర్తుగా రూరల్ అన్నారు, అంతే.

నగరం పక్క ఊళ్లకు లెక్కల్లో ఉన్న మాటలు వేరే. ఔట్‌గ్రోత్ అంటే మునిసిపల్ హద్దు బయట, ఆనుకుని ఉన్న గ్రామం రెవెన్యూ హద్దుల్లో, పట్టణం లక్షణాలతో పెరిగిన భాగం. రైల్వే కాలనీ, యూనివర్సిటీ ఆవరణ, రేవు, మిలిటరీ క్యాంపు ఇలాంటివి. దానికి సొంత హోదా లేదు, పట్టణంతో కలిపి రాస్తారు. అర్బన్ అగ్లామరేషన్ అంటే తెగకుండా సాగిన పట్టణ విస్తరణ మొత్తం: నగరం, దాని ఔట్‌గ్రోత్‌లు, ఆనుకున్న పట్టణాలు. కనీసం ఒకటి చట్టబద్ధ పట్టణమై ఉండాలి, అన్నీ కలిపి 2001 లెక్కల్లో 20,000కు తగ్గకూడదు. మన వార్తల్లో 'విజయవాడ జనాభా' రెండు రకాలుగా కనపడటానికి కారణం ఇదే. ఒకటి కార్పొరేషనుది, ఒకటి అగ్లామరేషనుది.

పట్టణాలకు తరగతులు కూడా ఉన్నాయి. లక్ష దాటితే ఒకటో తరగతి, 50 వేలు దాటితే రెండు, 20 వేలకు మూడు, 10 వేలకు నాలుగు, 5 వేలకు ఐదు, ఆ లోపు ఆరు. మునిసిపాలిటీల గ్రేడ్లు, అదే మూడో గ్రేడు, సెలెక్షన్ గ్రేడు అంటారే, వాటితో దీనికి సంబంధం లేదు. అవి రాష్ట్ర మునిసిపల్ శాఖవి, ఆదాయం కూడా చూస్తారు.

చిట్టాపద్దు
డబ్బు దగ్గరికొస్తే ఒకే ఊరు ఇంకో మూడు రకాలు. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం అగ్లామరేషన్ చూస్తుంది. 50 లక్షలు దాటితే ఎక్స్, 5 నుంచి 50 లక్షలు వై, మిగతా జడ్. హైదరాబాద్ అగ్లామరేషన్ ఎక్స్, విజయవాడ వై. ఆఫీసు అగ్లామరేషన్ హద్దుల్లో ఉంటే కార్పొరేషను బయట ఊరైనా నగరం రేటే.

బ్యాంకు శాఖలకు రిజర్వు బ్యాంకు లెక్క వేరు. 10 వేల లోపు జనాభా అయితే గ్రామీణ శాఖ, లక్ష లోపు సెమీ అర్బన్, 10 లక్షల లోపు అర్బన్, ఆపైన మెట్రో. పంచాయతీయా మునిసిపాలిటీయా అని చూడదు. పంచాయతీలో ఉన్న శాఖ మీద సెమీ అర్బన్ అని ఉంటే తప్పేం కాదు.

పొలం అమ్మకం మీద ఆదాయపు పన్ను మాత్రం మునిసిపాలిటీనే చూస్తుంది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, 10 వేలు లేక ఆపైన జనాభా ఉన్న మునిసిపాలిటీ లోపలి పొలం క్యాపిటల్ అసెట్, అంటే అమ్మితే లాభం మీద పన్ను పడే ఆస్తి. బయటైతే మునిసిపాలిటీ హద్దు నుంచి ఇంత దూరంలోపు ఉన్నదీ అంతే: జనాభా 10 వేలు దాటి లక్ష దాకా ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల దాకా 6, ఆపైన 8. రోడ్డు వెంట కాదు, ఆకాశమార్గాన కొలవాలి, 2013 ఫైనాన్స్ చట్టం నుంచి అదే రూలు. జనాభా కూడా ఆ సంవత్సరం మొదలయ్యేలోపు అచ్చైన లెక్కలదే.

కడపకారం
అంటే ఊరు పంచాయతీలోనే ఉన్నా, పక్క మునిసిపాలిటీ హద్దు ముందుకు జరిగితే మన పొలం పన్నులోకి వస్తుందన్నమాట.

చిట్టాపద్దు
వస్తుంది. తహసీల్దారు ఇచ్చే దూరం సర్టిఫికెట్టు మీద తేదీ చూసుకోవాలి. అమ్మిన రోజుకి హద్దు ఎక్కడుందో అదే లెక్క.

పటంపిచ్చి
ఇన్ని వర్గీకరణలు నా పట్టికలో పట్టవు. రెవెన్యూ, పంచాయతీ లేదా మునిసిపాలిటీ, ఆవాసం, 2011 హోదా, ఈ నాలుగే ఉంచుతా. ఇప్పుడు పేర్ల గొడవ. ఒకే పేరుతో ఉన్న ఊళ్లను ఎలా విడదీయాలి? ఆత్మకూరు దగ్గర ఆగిపోయాను.

నాపరాయి
ఏ ఆత్మకూరు? వనపర్తిదా, హనుమకొండదా, ఆత్మకూరు (ఎం)మా, ఆత్మకూర్ (ఎస్)సా?

కడపకారం
నంద్యాలదీ, నెల్లూరుదీ, అనంతపురందీ మరిచిపోయినావ్.

పాతఅడంగల్
ఏడూ మండల కేంద్రాలే. (ఎం) యాదాద్రి జిల్లాది, (ఎస్) సూర్యాపేట జిల్లాది. బ్రాకెట్లో అక్షరం అధికారిక పేరులో భాగం, దాన్ని తీసేయొద్దు.

అక్షరాల్లో రెండు పద్ధతులున్నాయి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో ముందు వస్తుంది: ఎస్. కోట అంటే శృంగవరపుకోట, ఎస్. రాయవరం అంటే సర్వసిద్ధి రాయవరం, కె. కోటపాడు అంటే కింతాడ కోటపాడు. తెలంగాణలో వెనక బ్రాకెట్లో వస్తుంది. అకారాది క్రమం పెట్టినప్పుడు ముందొచ్చేవన్నీ 'ఎస్', 'కె' కింద పోగుపడతాయి. అసలు పేరు ఒక గడి, అక్షరం ఒక గడి, ప్రదర్శన పేరు ఒక గడి పెట్టుకోండి.

నాపరాయి
తెలంగాణల (కె) తోటి ఇంకో తిప్పలు. కలాన్‌కు (కె) రాస్తరు, ఖుర్ద్‌కు కూడ (కె) రాస్తరు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బుజుర్గ్‌కు (బి). ఆదిలాబాద్ దిక్కు ఇవి మస్తుగుంటయి. (కె) కనవడంగనే ఊహించి నింపకు, పాత గ్రామపటంల పూర్తి పేరు చూసి రాయి. ఉప్పల్ కలాన్ లెక్క నగరంల కలిసినవాటికి కూడ రికార్డుల తోక పోలే.

సర్వేరాయి
మక్తా, పైగా, ఖల్సా కూడా తోకలే గానీ వీటిని తీసేస్తే ఊరే మారిపోతుంది. రాయదుర్గ్ పన్మక్తా, రాయదుర్గ్ నౌఖల్సా, రాయదుర్గ్ పైగా మూడు వేరువేరు రెవెన్యూ గ్రామాలు. మూడింటికీ సర్వే నంబర్లు వేరు. పన్మక్తా సర్వే నంబర్ 83 గురించి వార్తలొస్తాయి, వార్తలో వట్టి 'రాయదుర్గం' అని ఉంటుంది. నిజాం కాలంలో ఆ భూమి ఎవరి అజమాయిషీలో ఉండేదో ఆ తోక చెబుతుంది: పైగా అమీర్లదైతే పైగా, నేరుగా సర్కారుదైతే ఖల్సా, కట్టుబడి పన్నుకిచ్చినదైతే మక్తా. కంచ గచ్చిబౌలిలో 'కంచ' కూడా ఇలాగే, మేత భూమి గుర్తు. 2025లో గొడవైన 400 ఎకరాలు కంచ గచ్చిబౌలి సర్వే నంబర్ 25వి.

గోదారిగట్టు
కోస్తాలో ఈ పని చేసేవి అగ్రహారం, ఖండ్రిక. ఇనాంగా విడగొట్టిన భూమిలో వచ్చిన ఊళ్లు. వీటిలో కొన్ని పూర్తి రెవెన్యూ గ్రామాలు, కొన్ని వట్టి శివార్లు. పేరు చూసి చెప్పలేం. పాలెం కూడా అంతే. చాలాచోట్ల తల్లి ఊరికి పిల్ల, కొన్నిచోట్ల పిల్లే పెద్దదైపోయి తల్లిని మింగేసింది.

పెద, చిన కూడా ఇప్పటి జనాభాకి కొలత కాదు. పెదకాకాని, చినకాకాని పక్కపక్కన అనుకుంటే పొరపాటు, పెదకాకాని తన పేరు మండలంలోనే ఉంది, చినకాకాని మంగళగిరి మండలం. పెదగంట్యాడ, చినగంట్యాడ రెండూ విశాఖలో కలిసిపోయాయి. సీమలో ఎగువ, దిగువ అంటారు, అహోబిలం ఉంది కదా, అక్కడ అది ఎత్తుపల్లాల లెక్క.

లంకలు వేరే గోల. గోదావరి ఒరుసుకుపోయి నేల నీళ్లలో కలిసినా సర్వే నంబర్లు పటంలో ఉంటాయి. ఇళ్లు అవతలి గట్టున కట్టుకుంటే ఊరు ఒక రెవెన్యూ గ్రామంలో, దాని పేరు ఇంకో గ్రామంలో.

పాడేరుమిరియం
మాడుగులలూ రెండు. జి. మాడుగుల కొండ మీద, వి. మాడుగుల కింద. బస్సు ఎక్కేటప్పుడు అక్షరం వినకపోతే ఘాట్ రోడ్డు ఉచితం.

పోస్టుడబ్బా
పిన్ కోడుతో విడదీయొచ్చు అనుకుంటారు చాలామంది. ఆత్మకూర్ల వరకు పనిచేస్తుంది, నెల్లూరుది 524322, నంద్యాలది 518422. ఊళ్ల స్థాయికి దిగితే పనిచేయదు. పిన్ డెలివరీ చేసే తపాలా ఆఫీసుది, ఊరిది కాదు. బ్రాంచి పోస్టాఫీసుకు సొంత పిన్ ఉండదు, పైనున్న సబ్ పోస్టాఫీసుదే. అందుకే పది ఊళ్లకు ఒకటే పిన్. తల్లి ఊరికీ, దాని శివారుకీ వేరే పిన్‌లూ ఉండొచ్చు, ఉత్తరాలు వేరే దారిన వస్తే. 'పోస్టు ఫలానా, వయా ఫలానా' అని రాసేది ఇందుకే. మొదటి రెండంకెలు మాత్రం చాలామటుకు నమ్మొచ్చు, తెలంగాణకు 50, ఆంధ్రకు 51 నుంచి 53.

రైల్వే పేర్లు అసలు ముట్టుకోకండి. కృష్ణా కెనాల్ జంక్షన్ ఉన్నది తాడేపల్లిలో. ఆ పేరుతో ఊరు లేదు.

పటంపిచ్చి
మరి నమ్మదగ్గది ఏది?

లెక్కలమాస్టారు
కోడు. పేరుతో జత చెయ్యకండి, కోడుతో చెయ్యండి. 2011 లెక్కల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడు, పట్టణాలకు 8తో మొదలయ్యేది. పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ, ఎల్‌జీడీ అంటారు, అందులో గ్రామాలకు చాలామటుకు ఆ కోడే వాడారు. పంచాయతీల కోడు మాత్రం వేరు. గ్రామం కోడునీ పంచాయతీ కోడునీ ఒకే గడిలో పెట్టారంటే మళ్లీ మొదటికొస్తారు.

జిల్లా పేరును ఏనాడూ తాళంగా వాడకండి. తెలంగాణ 2016 అక్టోబరు 11న 10 నుంచి 31 జిల్లాలైంది, 2019లో 33. ఆంధ్ర 2022 ఏప్రిల్ 4న 13 నుంచి 26. ఊరు కదల్లేదు, కోడు మారలేదు, జిల్లా మారింది.

పాడేరుమిరియం
2014లో ఆంధ్రలో కలిసిన ఖమ్మం మండలాల దగ్గర చూసుకోండి. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా వచ్చాయి. భద్రాచలం మండలం వచ్చింది గానీ భద్రాచలం ఊరు తెలంగాణలోనే ఉంది. బూర్గంపాడులో కొన్ని గ్రామాలే వచ్చాయి. 2011 పుస్తకంలో అవన్నీ ఖమ్మం జిల్లా కింద ఉంటాయి. మండలం మొత్తాన్ని ఒక రాష్ట్రంలోకి లాగితే తప్పు, గ్రామం గ్రామం చూడాలి.

పాడేరుమిరియం
ఆవాసాల జాబితా కావాలంటే రోడ్ల పథకానిది బాగుంటుంది. పీఎంజీఎస్‌వైలో లెక్క ఆవాసానిది, రెవెన్యూ గ్రామానిది కాదు. మొదటి దశలో 2001 జనాభా ప్రకారం మైదానంలో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 దాటినవి. అయితే 500 మీటర్లలోపు ఉన్న ఆవాసాలను, కొండల్లో నడకదారిన 1.5 కిలోమీటర్ల లోపువాటిని, కలిపి ఒకటిగా లెక్కపెట్టొచ్చు. అందువల్ల నాలుగు పుట్టులు ఒకే పేరుతో కనపడతాయి. పేరు దొరకలేదని ఊరు లేదనుకోకండి.

కడపకారం
పేరు మారిన ఊళ్లు?

సర్వేరాయి
పాత పేరు గడి తప్పనిసరి. ఊరి పేరు మార్చాలంటే రాష్ట్రం ఒక్కటే అనుకుంటే చాలదు, కేంద్ర హోంశాఖ అభ్యంతరం లేదని చెప్పాలి. వాళ్లు రైల్వే, తపాలా, సర్వే ఆఫ్ ఇండియాలను అడుగుతారు. 1953లో పంపిన మార్గదర్శకాలే ఆధారం: చరిత్ర ఉన్న పేర్లు మార్చొద్దు, అదే పేరుతో ఇంకో ఊరుండి తికమక రాకూడదు, ఇలాంటివి. ఆ తర్వాత రాష్ట్రం ఉత్తర్వు ఇస్తుంది. 2015లో రాజమండ్రి రాజమహేంద్రవరం అయింది, స్టేషను కోడు ఇప్పటికీ ఆర్‌జేవై. వెంచర్ల పేర్లు ఈ దారిలో వచ్చినవి కావు. ఫోను పటంలో 'ఫలానా మెడోస్' అని ఊరిలా కనపడితే అది ప్లాట్లమ్మినవాళ్లు పెట్టిన పేరు.

బెజవాడబాబు
తాటిచెట్టు ఒకటీ మిగలదు, పేరు మాత్రం పామ్ గ్రోవ్.

పటంపిచ్చి
చివరిగా ఒకటి. ఎల్‌జీడీ పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. సాఫ్ట్‌వేరుతో తెలుగులోకి మారిస్తే తాడేపల్లి 'టాడెపల్లె' అయింది, కొత్తపేట 'కోథపేట' అయింది.

నాపరాయి
తుని ఏమైంది?

పటంపిచ్చి
'ట్యూని'. ఊరా, పాటా తెలీలేదు.

పాతఅడంగల్
ఇంగ్లీషు నుంచి వెనక్కి రావొద్దు. త/ట, ద/డ, న/ణ, ల/ళ, దీర్ఘాలు అన్నీ పోతాయి, తిరిగి రావు. తెలుగు మూలం నుంచే తీసుకోండి. పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్లు, జిల్లా గెజెట్లు తెలుగులో ఉంటాయి. ఓటర్ల జాబితాలో పోలింగ్ కేంద్రం పేరు కూడా తెలుగులోనే ఉంటుంది, కాకపోతే అందులోనూ యంత్రంతో మార్చినవి చొరబడ్డాయి, ఒక్కదాన్నే నమ్మకండి. రెండు మూలాల్లో ఒకేలా ఉంటే తీసుకోండి, లేకపోతే ఆ వరసకు రంగు వేసి పక్కన పెట్టండి. పల్లి, పల్లె దగ్గర గెజెట్ ఎలా రాస్తే అలాగే వదిలేయండి. అందరికీ ఒకేలా సరిచేద్దామని దిగితే ఊళ్లవాళ్లు ఒప్పుకోరు.

పటంపిచ్చి
సరే. గుంటూరు జిల్లా గెజెట్‌తో మొదలుపెడతా, మంగళగిరి మండలం ముందు. రంగు వేసిన వరసలు ఇక్కడే పెడతాను, ఆ పక్కవాళ్లు చూసి చెప్పండి.

గోదారిగట్టు
మంగళగిరి అంటే 2021లో తాడేపల్లితో కలిపి కార్పొరేషను చేశారు, చుట్టుపక్కల పంచాయతీలు కూడా కలిశాయి. 2011 హోదా గడిలో గ్రామం అని ఉన్నవి ఇప్పటి గడిలో కార్పొరేషను అని రావాలి. ఆ వరసలు ముందే వేరు చేసుకోండి, లేకపోతే రంగుకే ఒక రోజు పడుతుంది.